గల్ఫ్ యుద్ధానికి పదికి పది

ఆ రోజుల్లో చరిత్ర అనేది ఎక్కడో దూరాన, టోపీలు పెట్టుకుని గుర్రాలెక్కే తెల్లవాళ్ళకు మాత్రమే జరుగుతుందని నాకు గట్టి నమ్మకం. సిరిసిల్లలో ఏమీ జరగదు, జరిగినా పరీక్షలో రాదు. ఇంతటి అవగాహనతో కరీంనగర్‌లో ఎం.ఏ. చరిత్రలో చేరాను. (చేరాను అనడం కూడా గొప్పకే. ఎం.కాం.లో సీటు రాలేదు, తెలుగులో సీట్లు నిండిపోయాయి. చరిత్ర బల్ల ముందు లైను లేదు కాబట్టి పోయి అక్కడ నిలబడ్డాను.) హాజరు పట్టీలో ఇరవై ఇద్దరం ఉండేవాళ్ళం. క్లాసుకు ఏడెనిమిది మంది వచ్చేవాళ్ళు. వాన పడిన రోజు నేనూ, హాస్టల్లో నా గదిలో ఉండే భైంసా పిల్లా మాత్రమే వచ్చేవాళ్ళం, అదీ గది కురుస్తుందని. ఆ పిల్లను అందరూ అలాగే పిలిచేవారు. వాళ్ళమ్మది మహారాష్ట్ర కనుక ఆకలైతే తెలుగులో, కోపమొస్తే మరాఠీలో మాట్లాడేది.

మూడో సెమిస్టర్లో ‘ఆధునిక అంతర్జాతీయ చరిత్ర’ అనే పేపరు ఉండేది. దాన్ని చెప్పే సారుకు మేం పెట్టిన పేరు ఒప్పందాల సార్. లక్షల మంది చనిపోయిన యుద్ధాన్ని ఐదు నిమిషాల్లో ముగించి, దాని తర్వాత జరిగిన ఒప్పందాన్ని మాత్రం మూడు రోజులు చెప్పేవాడు. ఎవరు సంతకం పెట్టారు, ఎవరు పెట్టలేదు, ఏ మాటను ఏ దేశం తనకు అనుకూలంగా ఎలా తిప్పుకుంది అన్నీ ఆయనకు నోటికొచ్చు. ఆయన నవ్వగా మేం చూడలేదు. హాజరు పిలిచే గొంతుతోనే నగరాలు కాలిపోయిన సంగతి చెప్పేవాడు. ఒక్క మాట మాత్రం బల్ల మీద తట్టి మరీ చెప్పేవాడు: “ఆధారం ఉంటేనే చరిత్ర. లేకుంటే అది ఉత్త ముచ్చట.” అది నేను నోటుబుక్కు మొదటి పేజీలో ఎర్ర సిరాతో రాసుకున్నాను. అర్థమై కాదు, చెల్లెలి పెన్ను ఎర్రది ఉండింది.

సెమినార్ అంశాలకు సార్ చీటీలు వేయించాడు. నాకు గల్ఫ్ యుద్ధం వచ్చింది. గైడులో వెతికితే అది పేజీ పావు. భైంసా పిల్లకు రెండో ప్రపంచ యుద్ధానికి కారణాలు వచ్చాయి, పద్నాలుగు పేజీలు. ఆమె నా వైపు మరాఠీలో చూసింది.

ఆ శనివారం ఇంటికి పోయి బట్టీ మొదలుపెట్టాను. మా ఇంటి ముందు గదిలో బాపువి రెండు మరమగ్గాలు (మా దగ్గర నాన్న బాపు, అమ్మ అవ్వ, మరమగ్గాలు సాంచాలు) పొద్దస్తమానం నడిచేవి. ఆ చప్పుడులో నా చదువు నాకే వినపడాలంటే అరవాల్సిందే. నడవాలో అటూ ఇటూ తిరుగుతూ, ప్రకటన చేసేవాడిలా అరిచాను: “ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించెను. ప్రపంచ దేశములు ఖండించెను. విదేశీయులందరూ సురక్షితముగా తమ తమ దేశములకు చేరుకొనిరి.” ఆ వాక్యం మూడోసారి అరిచేటప్పుడు సాంచా ఆగిపోయింది. కరెంటు పోకుండా పగటిపూట మా ఇంట్లో సాంచా ఆగడం నాకు తెలిసి అదే మొదలు. బాపు నడవాలోకి వచ్చాడు.

“గా ఆఖరుది మల్ల సదువు.”

చదివాను.

“ఎవలు రాసిండ్రు గది?”

“గైడుల ఉన్నది బాపు.”

“గైడుల ఉన్నదా.” భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకుని, పోయి సాంచా వేశాడు.

నేను వంటింట్లోకి పోయి అవ్వను అడిగాను. ఆమె బీడీలు చుట్టుకుంటూ తల ఎత్తకుండానే అంది, “మీ బాపు గాడనే ఉండె గదనే అప్పుడు. మీ మామ సుత.”

“మామ దుబాయిల గదా అవ్వా సచ్చిపోయింది?”

“కువైట్ల. దుబాయంటే అన్నీ గదే.”

నిజమే, మా దిక్కు సౌదీ పోయినా, ఒమన్ పోయినా, ఖతర్ పోయినా అందరూ దుబాయి పోయినట్టే. మా ఇంట్లో కువైట్ అనే మాట నేను ఏనాడూ వినలేదు. నేను పుట్టక ముందు బాపూ, అవ్వకు ఒక్కగానొక్క తమ్ముడూ కలిసి దుబాయి పోయారని, మామ అక్కడ జరమొచ్చి పెద్ద దవఖానలో చనిపోయాడని మాత్రం తెలుసు. ఆ దవఖాన గురించి అవ్వ తరచూ చెప్పేది. ఏసీ గది, తెల్ల దుప్పటి, మంచానికి రెండు పక్కలా డాక్టర్లు. “రాజు తీర్గ పోయిండు నా తమ్ముడు” అనేది. అప్పటికి మా వాడకట్టులో ఏసీ గదిలో పోయినవాడు మరొకడు లేడు. అంతర్జాతీయ చరిత్రలో పీజీ చేస్తున్న నేను, గైడులోని పేజీ పావు మా ఇంట్లోనే జరిగిందని ఇరవై రెండేళ్ళ వయసులో తెలుసుకున్నాను.

అవ్వ బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోగానే, నేను ఇరవై ఒక్క ప్రశ్నలు రాసుకుని బాపు ముందు కూర్చున్నాను. సార్ చెప్పిన ఆధారం అంటే ఇదే కదా అని నా సంబరం. మొదటి ప్రశ్న, యుద్ధానికి గల ఆర్థిక కారణాలు.

“నాకేమెర్క. మేము పొద్దుగాల లేసేసరికి సేటు లేడు. ఇంటికి తాళం సుత ఎయ్యలే. పిల్లిని ఇడిసిపెట్టి పోయిండు.”

రెండోది, ఐక్యరాజ్యసమితి నిర్వహించిన పాత్ర.

“గుడారం మీద గా నీలం అక్షరాలు ఉండె. గుడారం మంచిదే. నీళ్ళే లేకుండె.”

అమెరికా విదేశాంగ విధానం దగ్గరికి వచ్చేసరికి బాపు నా చేతిలోంచి నోటుబుక్కు తీసుకుని, మూసి, పక్కన పెట్టాడు. తర్వాత తనే చెప్పాడు. లారీల్లో ఎక్కించి ఇరాక్ మీదుగా తీసుకుపోయి జోర్డాన్ సరిహద్దు దగ్గర దింపారట. ముందుకు పోనివ్వరు, వెనక్కి పోవడానికి లేదు. రెండు దేశాల నడుమ ఇసుకలో వేలాది మంది.

“ఎన్ని దినాలు ఉన్నరు బాపు?”

“మీ మామ ఉన్నన్ని దినాలు లెక్కపెట్టిన. ఎనుక పెట్టలే.”

మామకు కడుపు చెడిందట, జరం పట్టుకుందట. దవఖాన లేదు, మందు లేదు. ఒక పగటిపూట నీళ్ళ ట్యాంకరు కోసం బాపు లైనులో నిలబడి ఉండగా గుడారంలో పోయాడు. నిజామాబాద్ దిక్కు మనుషులు ఇద్దరు, కేరళ మనిషి ఒకాయన సాయం వచ్చారు. తినే పళ్ళేలతో ఇసుక తోడారు.

“గుర్తు ఏమన్న పెట్టిండ్రా?”

“ఏం పెడతం బిడ్డా. తెల్లారేసరికి గాలికి అంత ఒక్కతీరు అయింది.” నోటుబుక్కు నా వైపు జరిపి, “మీ అవ్వకు దవఖాన అని చెప్పిన. గట్లనే ఉండనియ్. అవ్వకు చెప్పకు” అన్నాడు.

“చెప్పను బాపు” అన్నాను, మనస్ఫూర్తిగానే. అయితే కరీంనగర్ బస్సులో కూర్చున్నాక ఆలోచించాను. బాపు చెప్పొద్దన్నది అవ్వకు. క్లాసుకు చెప్పొద్దని అనలేదు. (ఒప్పందాల సార్ దగ్గర నేను బాగా వంటబట్టించుకున్నది ఇదొక్కటే.)

సెమినార్ రోజు భైంసా పిల్ల పచ్చ చుడీదార్ అడిగి వేసుకున్నాను. గైడు చేతిలో పట్టుకుని, ఆ సురక్షిత వాక్యం చదివి, “గిది తప్పు సార్” అన్నాను. సార్ తల ఎత్తాడు. “ఆధారం?” “మా బాపు సార్.” తర్వాత పావుగంట చెప్పాను. చెప్పడమా, ఆడాను. పిల్లి దగ్గర గొంతు తగ్గించాను, పళ్ళేల దగ్గర ఆగి కిటికీలోంచి బయటికి చూశాను. రాత్రంతా అద్దం ముందు అదే సాధన చేశానని ఇప్పుడు రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. భైంసా పిల్ల ముక్కు చీదుకుంటూ “అగ బాయీ” అని మరాఠీలో అయ్యో అంది. సార్ కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచాడు. పదికి పది వేశాడు, ఆయన పదికి పది వేయడం ఆ కాలేజీలో ఎవరూ ఎరగరు. అంతటితో ఆగినా బాగుండేది. ఆయన పాత విద్యార్థి ఒకాయన పేపర్లో విలేకరి. సార్ ఫోను చేశాడు, ఆయన వచ్చాడు, నేను మళ్ళీ చెప్పాను, మళ్ళీ కిటికీలోంచి చూశాను. ఫోటో అడిగితే ఎడమవైపు నుంచి తీయమన్నాను.

జిల్లా పేజీలో అర పేజీ వచ్చింది. నేను నాలుగు పేపర్లు కొని, ఒకటి హాస్టల్ వార్డెనుకిచ్చి, మిగిలినవి సంచిలో పెట్టుకుని సిరిసిల్ల బస్సెక్కాను. అవ్వకు చదువు రాదు కదా అనే ధీమా ఒకటి ఉండింది. ఇల్లు చేరేసరికి రెండు సాంచాలూ ఆగి ఉన్నాయి.

ఆ పొద్దున అవ్వ కార్ఖానాకు పోతే, బీడీలు చూసి తీసుకునే ఆయన పేపరు తిరగేస్తూ, “గిది నీ బిడ్డనే గదనే” అని, సంతోషం కొద్దీ మొదటినుంచి చివరిదాకా బిగ్గరగా చదివాడట. చుట్టూ ముప్పై మంది ఆడవాళ్ళు ఉన్నారట. అవ్వ అంతా విని, బీడీలు అప్పజెప్పి, ఆకు తీసుకుని, నడుచుకుంటూ ఇంటికి వచ్చిందట. ఇది పక్కింటి పెద్దమ్మ గడపలోనే నాకు చెప్పింది.

అవ్వ నన్ను చూసి, “బువ్వ తింటవా?” అని అడిగింది. బాపు మాత్రం నా సంచి వైపు చూసి, “మంచిగ చెప్పినవట” అన్నాడు. కొడితే బాగుండేదని అనిపించింది.

మూడు రోజులు ఆమె బాపుతో మాట్లాడలేదు. వేళకు కంచం పెట్టేది, నీళ్ళ చెంబు కంచం పక్కన పెట్టి పోయేది. నేను కాలేజీకి పోకుండా వంటింట్లో గిన్నెలు తోముతూ ఉండిపోయాను. తోమినవే తోమాను. నాలుగో రోజు మధ్యాహ్నం ఆమె ముందు గదిలోకి పోయి, ఆగి ఉన్న సాంచా పక్కన బాపుకెదురుగా కింద కూర్చుంది.

“ఒక్కటి అడుగుత. అబద్ధం చెప్పకు.”

“అడుగు.”

“నీళ్ళు అడిగిండా?”

“అడిగిండు” అన్నాడు బాపు.

“ఇచ్చినవా?”

“లేవు. పొద్దుగాల సీసల రెండు గుక్కలు ఉండె. వాన్ని తాగుమన్న. కడుపుల తిప్పుతుంది, నాకద్దు బావా, నువ్వు తాగు అన్నడు. తాగిన. పగటీలికి అడిగిండు. నా దగ్గర లేకుండె. తెస్తనని లైన్ల నిలవడ్డ. వచ్చేసరికి లేడు.”

నా ఇరవై ఒక్క ప్రశ్నల్లో ఈ ప్రశ్న లేదు. వంటింటి గడపలో మసి చేతులతో నిలబడి నేను ఏడ్చాను, ఈసారి చూసేవాళ్ళు ఎవరూ లేరు.

“నువ్వు తాగకుంటె నువ్వు సుత రాకపోదువు” అని అవ్వ లేచి, పొయ్యి మీద చాయ్ పెట్టింది. ఏడ్చిందో లేదో నాకు తెలియదు, వీపు నా వైపు ఉంది. ఆ తర్వాత ఏసీ గది మాట ఆమె నోట ఎన్నడూ రాలేదు. అది మాత్రం నేను ఆమె దగ్గరినుంచి లాక్కున్నదే, తిరిగి ఇవ్వలేనిది.

కాలేజీకి పోయాక జరిగింది సారుకు చెప్పి, మార్కులు తీసెయ్యమన్నాను. (ఆ వయసులో పశ్చాత్తాపాన్ని కూడా మార్కుల్లోనే కొలిచేదాన్ని.) ఆయన బల్ల మీద తట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. “తప్పు నాది బిడ్డా. ఆధారం తెమ్మని చెప్పిన. తెచ్చినంక ఎవలను అడిగి చెప్పాల్నో నేర్పలే.” మార్కులు మాత్రం తీయలేదు, రిజిస్టరు అప్పటికే పైకి పోయిందట.

ఇప్పుడు నేను ఆదిలాబాద్‌లో ఒక జూనియర్ కాలేజీలో చరిత్ర చెబుతున్నాను. బాపు సాంచాలు అమ్మేశాడు, కళ్ళు ఆనడం లేదు. పోయిన ఎండాకాలం సెలవుల్లో ఇంటికి పోతే, ఒక పగటిపూట అవ్వ నా పక్కన చేరి, “ఫోన్ల అన్ని ఊర్లు కనవడుతయట గదా, గా జాగ చూపియ్” అంది. వెతికాను. సరిహద్దు గీత దొరికింది, రోడ్డు దొరికింది. వాటి చుట్టూ ఎంత దగ్గరికి తెచ్చినా మట్టి రంగే. ప్రపంచ పటం మీద ఏ దేశం అడిగినా టక్కున చూపించే మేడంగా మా కాలేజీలో నాకు పేరు. ఆ పూట ఎక్కడ వేలు పెట్టాలో నాకు తెలియలేదు. బాపును అడిగాను. “అంత ఒక్కతీరే ఉండె” అన్నాడు.

అవ్వ ఫోను తన ఒళ్ళోకి తీసుకుంది. వేలు తగలగానే పటం జరిగి ఎక్కడో సముద్రంలోకి పోయింది. “ఆగుతలేదేందే ఇది” అంది. మళ్ళీ తెచ్చిపెట్టాను. ఈసారి జాగ్రత్తగా, తాకీ తాకకుండా, రోడ్డుకు కొంచెం ఎడంగా ఒక చోట వేలు ఉంచి, “గిక్కడ అనుకుందాం” అంది. ఏ ఆధారమని నేను అడగలేదు. ఆమె చూసినంతసేపూ ఫోను ఆరిపోకుండా, అంచు మీద నా వేలితో మెల్లగా తాకుతూ పక్కన కూర్చున్నాను.