పళ్ళెంలో మారిన తాళంచెవి

ఒక సాయంత్రం మేడ మీద బట్టలు తీస్తుంటే, వాకిట్లో నిలిపిన మా కారు లైట్లు రెండుసార్లు వెలిగి ఆరాయి. తలుపుల లాకులు టక్కున తెరుచుకున్నాయి. అప్పటికి ఆ కారు తాళంచెవి మా ఇంట్లో లేదు. ఆ లైట్లు వెలిగిన సంగతి నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

అది కొత్త సంవత్సరం మొదటి రోజు. ఆళ్లగడ్డలో మా చర్చిలో ఆ రోజు ఆరాధన అయ్యాక, బండ్లున్నవాళ్ళంతా తాళంచెవులు స్టీలు పళ్ళెంలో పెడతారు. పాస్టరుగారు వాటి మీద చేయి చాపి ప్రార్థన చేస్తారు. చర్చి మా వీధి చివరే కాబట్టి నేను తాళంచెవి మాత్రం పట్టుకొని నడిచి వెళ్ళాను. క్రిస్మస్‌కు సంఘంవాళ్ళు పంచిన చెక్క సిలువ రింగు అందరి తాళాలకూ ఉంది. ప్రార్థన అయ్యాక పళ్ళెం పట్టుకున్న పెద్దాయన నా చేతిలో ఒక నల్ల రిమోట్ పెట్టాడు. ఇంటికొచ్చి నొక్కితే కారు పలకలేదు.

మాది సెకండ్‌హ్యాండ్ కారు, ఒకటే తాళంచెవి. వారానికి రెండుసార్లు నాయనను డయాలసిస్‌కు నంద్యాల తీసుకుపోవాలి. నడిపేది నేనే.

పాస్టరుగారికి ఫోన్ చేశాను.

"మన సంఘంలో దొంగలుంటారా మా? పొరపాటున ఎవురింటికో పోయింటాది. గ్రూపులో పెడ్తాలే."

ఎవరూ పలకలేదు. నా దగ్గరున్నది తమదని కూడా ఎవరూ రాలేదు. ఆ సాయంత్రమే లైట్లు వెలిగాయి. కిందికి పరుగెత్తేసరికి వీధిలో రెండు బైకులు మలుపు తిరుగుతున్నాయి. కారు తలుపు లాగితే వచ్చేసింది. మా తాళంచెవి ఎవరి జేబులోనో ఉంది, ఆ జేబు ఇప్పుడే మా వాకిలి దాటింది. లోపలి బటన్ నొక్కి తలుపు వేసి, ఏమీ జరగనట్టు బట్టలు మడతపెట్టాను. చెప్తే నాయన ఆసుపత్రి మానేసి కారు పక్కన మంచం వేసుకుంటాడు.

మర్నాడు బస్సులో నంద్యాల పోయాం. నాయనను మిషన్ దగ్గర పడుకోబెట్టాక నేను షోరూంకు వెళ్ళాను. వాళ్ళు చెప్పిన ధర మా వల్ల కాదు. ఆసుపత్రి వీధిలోనే తాళాలు చేసే ఒకాయన తక్కువలో చేస్తానన్నాడు.

"కారు యాడుంది?"

"ఆళ్లగడ్డలో."

"ఇంటి లోపల పెడ్తారా, రోడ్డు మీదా? పగలు ఎవురుంటారు?"

నేను ఒక అడుగు వెనక్కి వేశాను. ఆయన నవ్వాడు.

"నేనేం ఎత్తుకపోతానా పాపా? ఎండలో కూచోని చేయల్ల. నీళ్ళిచ్చేకి ఎవురన్నా ఉంటారాని అడుగుతాండా."

మర్నాడు వచ్చి, ఆర్సీ చూసి, డ్రైవర్ సీట్లో కూర్చొని చిన్న మిషన్ తగిలించాడు. నేను గేటు పట్టుకొని నిలబడ్డాను, నాయన గడపలో కూర్చొని చూస్తున్నాడు. కాసేపటికి కొత్త రిమోట్‌తో కారు స్టార్టయింది.

"పాతదాన్ని చెరిపేసినా. ఇంక దాంతో బండి కదల్దు."

"తలుపో?" అన్నాను.

"పాత రిమోట్‌లో ఇనుప పుల్ల ఉంటాది కదా, అది పెట్టి తిప్పితే తెరుచుకుంటాది మల్ల. లాకులన్నీ మార్చల్లంటే వేరే ఖర్చు."

ఆ ఖర్చు మేం పెట్టలేం. కారును ఎవరూ తీసుకుపోలేరు, సరే. కానీ ఎవరైనా తలుపు తీసి లోపల కూర్చోవచ్చు.

తర్వాతి డయాలసిస్ రోజు, నాయన రాకముందే వెనక సీటు, సీటు కింద, డిక్కీ అన్నీ వెతికి చూశాను. అయినా శిరివెళ్ల దాటాక నా కళ్ళు మాటిమాటికీ అద్దంలోకే పోతున్నాయి.

"యాడ చూస్తాండావ్ మా? ముందర లారీ వస్తాంది," అన్నాడు నాయన.

"ఏం లేదు నాయనా."

ఆయన రోడ్డు మీంచి తల తిప్పకుండానే అన్నాడు: "నువ్వు నీళ్ళు పోసుకునేకి పోయినప్పుడు వెనక సీట్లో నేనూ చూసినాలే. ఎవురూ లేరు. పోనీ."