వగియెమ్ కడిగిన గాజు

జావా దీవిలోని యోగ్యకర్తాలో మా విశ్వవిద్యాలయం రసాయనశాస్త్ర భవనంలో ముగ్గురు ప్రొఫెసర్లు, పదకొండు మంది పరిశోధక విద్యార్థులు ఉన్నారు. వాళ్లందరి గాజు సామాను కడిగేది ఒక్క వగియెమ్. వయసు అరవై రెండు. అంతకుముందు ముప్పై ఏళ్లు ఇమోగిరి దగ్గర బాతిక్ బట్టలకు ఆకుల రంగులు వేసింది. ఆ రంగు తొట్లు మూతపడ్డాక ఇక్కడికొచ్చింది. ఆమె కడిగిన సీసాలో నీళ్లు పోసి వంచితే లోపల ఒక్క చుక్క నిలవదు. నేను కింద జెరాక్స్ దుకాణంలో వీళ్ల థీసిస్‌లు బైండు చేస్తాను, చదువుతాను కూడా. గాజు శుభ్రానికి అదే గుర్తని ఒకదాంట్లో చూశాను. ఆమెకు ఎవరూ నేర్పలేదు.

ఆ విద్యార్థుల్లో ఒకడైన ప్రసోజో థీసిస్ మామిడాకుల మీద. ఆకుల కషాయాన్ని బిగించిన పాత్రలో పోసి, ఓవెన్‌లో గంటల తరబడి వేడి చేస్తే క్వాంటం డాట్లు పుడతాయి. అంటే మామూలు సూక్ష్మదర్శినికి కూడా చిక్కనంత చిన్న కార్బన్ నలుసులు. విషపు రసాయనాలు అక్కర్లేదు, ఆకు చాలు. చూడటానికి పలచటి టీ నీళ్లలా ఉంటాయి, అతినీలలోహిత దీపం కింద పెడితే నీలంగా వెలుగుతాయి. మార్చిలో మూడుసార్లు వెలిగాయి. జూన్‌లో ఐదుసార్లు చేస్తే ఐదుసార్లూ మసకే.

తప్పు ఎక్కడుందా అని వెతికిన చదువుకున్న కళ్లకు మొదట కనిపించింది సింకు దగ్గరి ముసలామె.

జావాలో ఎవరూ ముఖం మీద అనరు. ల్యాబ్ అధిపతి ఎందా మేడమ్ నవ్వుతూ వచ్చింది.

"పెద్దమ్మా, పాపం మీకు చేతులు నొప్పులు. కొన్నాళ్లు గాజు సామాను పిల్లలే కడుక్కుంటారు. మీరు వరండా ఊడ్చి హాయిగా కూర్చోండి."

"నాకు నొప్పులని ఎవరన్నారు మేడమ్?"

"అనాలా? వయసైంది కదా."

వగియెమ్ తల వంచి సరేనంది. నా దుకాణానికొచ్చి కూర్చుంది. టీ చల్లారిపోతున్నా ముట్టలేదు.

"మురికిగా కడిగావని తిట్టినా బాగుండేది. కాదని చెప్పుకునేదాన్ని. చేతులు నొప్పులంటే ఏం చెప్పను?"

"వెళ్లి గట్టిగా అడుగు పెద్దమ్మా."

"నీలా గట్టిగా అడిగితే నీలాగే ఇక్కడ కాగితాలు కుట్టుకుంటూ కూర్చోవాలి."

ఆమె జీతం తగ్గలేదు. పోయింది పేరు. ముప్పై ఏళ్లలో ఆమె చేతి బట్ట ఒక్కటి కూడా రంగు బాగాలేదని తిరిగి రాలేదు. అలాంటి మనిషికి కడగడం రాదన్న మాట, ఎవరూ అనకుండానే, మూడో అంతస్తు దాకా పాకింది.

పిల్లలు కడిగిన సీసాల్లోనూ ఆరోసారి వెలుగు రాలేదు. అయినా ఆమెను ఎవరూ పిలవలేదు. చీపురు పట్టుకుని సింకు పక్కగా వెళ్తూ, కడగని సీసా ఒకటి ఎత్తి చూసిందామె. మామిడాకు కషాయం పసుపుగా దిగాలి. ఈ సీసా అడుగున నల్లటి మడ్డి ఉంది. తర్వాత ప్రసోజో తెల్ల చొక్కా వైపు చూసింది. అది తుప్పు రంగుకు తిరిగింది.

"ఇల్లు మారావా నాయనా?"

"మే నెలలో మారాను పెద్దమ్మా. అక్కడ కుళాయి లేదు, అన్నిటికీ బావి నీళ్లే. చొక్కా చూసి అడిగారా? దీంతో వెళ్తే పిల్లనివ్వరంటారా?"

"పిల్ల సంగతి తర్వాత. ఆకులు ఎక్కడ నానబెడుతున్నావు?"

"అక్కడే. నానాక ఇక్కడికి తెస్తాను."

ఇంకేమీ అనకుండా సాయంత్రం వాళ్ల బావి నుంచి ఒక సీసా నీళ్లు పట్టుకెళ్లింది.

రెండు రోజుల తర్వాత సింకు పైన రెండు గుడ్డ ముక్కలు వేలాడుతున్నాయి. ఒకటి మెత్తటి పసుపు. ఇంకొకటి కమిలిన నాచు రంగు. ఎందా మేడమ్ వాటి ముందు ఆగింది.

"ఏమిటివి పెద్దమ్మా?"

"రెండూ ఒకే చెట్టు ఆకు మేడమ్. ఒకటి మీ డిస్టిల్డ్ వాటర్‌లో నానింది, రెండోది ప్రసోజో బావి నీళ్లలో. ఆ నీళ్లలో ఇనుముంది. ఇనుము తగిలితే ఆకు రంగు నల్లబడుతుంది. నలుపు కావాలన్నప్పుడు మేమే ఇనుము కలిపేవాళ్లం. ఇంకా చాలా ముక్కలు ముంచి చూపిద్దును, చేతులు నొప్పులు కదా."

మేడమ్ నవ్వలేదు.

ఇనుము తగిలితే ఈ నలుసుల వెలుగు కూడా ఆరిపోతుందని ప్రసోజో చదివిన పేపర్లలోనే ఉంది. చదివాడు, గీతలు కూడా గీసుకున్నాడు. తాను రోజూ స్నానం చేసే నీళ్లు గుర్తుకు రాలేదంతే. ఏడోసారి ఆకుల్ని డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టాడు. దీపం కింద సీసా నిండా నీలం.

ల్యాబ్‌లోనే జరిగే సోమవారం మీటింగులో, పదకొండు మంది విద్యార్థుల ముందు, ఎందా మేడమ్ ఆమెను లోపలికి పిలిచి నిలబడే చెప్పింది. "గాజు మొదటి నుంచీ శుభ్రంగానే ఉంది. వేరే చోట చూడాల్సింది మేము. మన్నించండి పెద్దమ్మా."

అంత నేరుగా ఆ గదిలో ఎవరూ ఎప్పుడూ మాట్లాడి ఉండరు. బైండు చేసిన థీసిస్ ఇవ్వడానికొచ్చి తలుపు దగ్గర వింటున్న నాకే ఎటు చూడాలో తెలియలేదు. వగియెమ్ మాత్రం మేడమ్ కళ్లలోకే చూసింది, ఒక్కసారి తలూపింది. చీపురు గోడకు ఆనించి సింకు దగ్గరికి నడిచింది.

"ఏమర్రా, మూడు వారాల్లో ఇన్ని మురికి సీసాలు పేర్చారా? ఆ బ్రష్షు ఎవరు దాచారు?"

ముగ్గురు విద్యార్థులు ఒకేసారి లేచి వెతకడం మొదలుపెట్టారు.