మాట ఆగిన పిల్ల, ఊరంతా డాక్టర్లే

మా ఊళ్లో రోగం కన్నా పలకరింపులే ఎక్కువ బాధ. ఏడేళ్ల నా బిడ్డకు చిన్నమెదడులో గడ్డ తీశారు. ఆపరేషనయిన మర్నాడు "అమ్మా, దూపయితుంది" అని నీళ్లడిగింది. ఆ తర్వాత ఒక్క మాట లేదు. అంతకుముందు వసపిట్ట, నిద్రలోనూ వాగేది. అలాంటిది నోరు మెదపకుండా చూస్తూ పడుకుంటే నా ప్రాణం ఉసూరుమనేది. ఇంటికి తెచ్చామో లేదో, జఫర్‌గఢ్ మొత్తం మా వాకిట్లోనే.

వచ్చిన ప్రతి మనిషీ దాని చెవి దగ్గర నోరు పెట్టి "నేనెవర్ని? చెప్పు బిడ్డా!" అని అరవడమే. మాట పోయిందంటే చెవులూ పోయాయనుకున్నారు. "అవ్వా, దానికి మంచిగనే ఇనవడ్తది, మెల్లగ మాట్లాడు" అని చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది. కాటారం నుంచి వచ్చిన మా పెద్దమ్మ దాని ముందే "గిట్ల బతుకుడేందే" అని ముక్కు చీదింది. దంతాలపల్లి నుంచి వచ్చిన మా పెద్దాడబిడ్డ ఇంకో మెట్టెక్కింది. నేను నీళ్లకు పోయి వచ్చేలోగా, మాట వస్తుందని వసకొమ్ము అరగదీసి, తేనెలో కలిపి, పసిపిల్లలకు నాకించినట్టు దాని నాలుకకు రాసింది. పిల్లకు మింగడమే సరిగ్గా రావడం లేదు. పొలమారి, ఊపిరాడక, మొహం నల్లబడింది. "నీకు దండం పెడ్త వదినా, నీ వైద్యం నీ తాననే పెట్టుకో!" అని ఆ కొమ్ము తీసి వాకిట్లోకి విసిరేశాను. ఆమె అలిగి అదే పూట బస్సెక్కింది.

గడ్డ ఏమైనా మిగిలిందో, మాట ఎందుకు ఆగిందో చూడాలని హైదరాబాద్ దవాఖానలో మళ్లీ స్కానింగ్‌కు రమ్మన్నారు. సరిగ్గా ఆ రోజే ప్రత్యేక రాష్ట్రం కోసం బంద్. తెలంగాణ రావాలని నాకు లేదా? రోడ్ల మీద నేనూ బతుకమ్మ ఆడినదాన్నే. కానీ ఆ తారీఖు తప్పితే మళ్లీ ఎప్పుడిస్తారో తెలియదు. జనగామ దగ్గర నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. మా జీపు ఆపి ఒకాయన తల లోపల పెట్టాడు.

"జై తెలంగాణ అనుండ్రి, పంపిస్తం."

నేనూ, నా పెనిమిటీ, డ్రైవరూ అన్నాం.

"పాప అంటలేదేందక్కా? అను బిడ్డా, గట్టిగ!"

నాకు ఒళ్లు మండింది. "దాని నోట్లె మాట రాకనే కదన్నా దవాఖానకు పోతున్నం! వచ్చినంక దినమంత అంటది, జర తొవ్వ ఇడువుండ్రి!"

ఆయన మొహం చిన్నబోయింది. అడ్డం పెట్టిన రాళ్లు తనే పక్కకు జరిపాడు.

స్కానింగ్ బొమ్మలు చూసి డాక్టరు గడ్డ మిగల్లేదన్నాడు. చిన్నమెదడు నుంచి పెద్దమెదడుకు పోయే దారి దగ్గర వాపు ఉందట. "మాటలు ఎక్కడికీ పోలేదమ్మా. ఆ దారి సర్దుకుంటే వస్తాయి."

"లోపల కూడా రాస్తారోకోనేనా సార్? ఎప్పుడు ఎత్తేస్తరు?"

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు, మొదట్లో ముద్దముద్దగా ఉంటుంది అన్నాడు. ఆ మాటే పట్టుకుని ఇంటికొచ్చాం.

మొదట "అమ్మా" అనే అంటుందని నా ఆశ. నెలల తరబడి రోజూ దాని పెదాల వైపే చూసేదాన్ని. ఒకరోజు పొద్దున జావ తాగిస్తుంటే తల తిప్పుకుంది. నాకు విసుగొచ్చింది. గదవ పట్టుకుని "తాగు, మందులేసుకోవాలె" అని చెంచా నోటికి ఆనించాను.

"వ...ద్దు."

ముసలిదాని గొంతులా గీరుకుపోయిన గొంతు. నా చెవులే మోసం చేశాయేమో అనుకుని చెంచా మళ్లీ ఎత్తాను.

"వద్దు!"

తల గొరిగినప్పుడు, సూదులు గుచ్చినప్పుడు, ఆ స్కానింగ్ గొట్టంలోకి తోసినప్పుడు ఎవరమూ దాన్ని అడగలేదు. ఇన్ని నెలలుగా అది ఏం చెప్పాలనుకుందో నాకప్పుడు తెలిసింది. ఏడుపు ఆగలేదు.

"సరే బిడ్డా, వద్దంటే వద్దు" అని గిన్నె పక్కన పెట్టేశాను.