పల్లవి అయ్యేదాకా లేవని చర్చి

ఇది రాసి తీరాలి. ఏ పెళ్లిలో మా బంధువులు నలుగురు కలిసినా, "వీడేగా పుస్తకం చదివొచ్చి పెద్దనాన్నని మంచమెక్కించింది!" అంటూ యాభై ఏళ్లుగా నవ్వుతున్నారు. నేను ఎక్కించలేదు. ఎక్కించింది గ్రంథాలయం గంట.

ఆ రోజుల్లో, అంటే డెబ్బైల్లో, బెజవాడలో నాకంటే చదువుకున్నవాళ్లు ఉండొచ్చుగానీ నాకంటే చదివినవాళ్లు లేరని నా నమ్మకం (ఎస్సెస్సెల్సీ తప్పిన సంగతి వేరు). పెద్దనాన్న చర్చిలో పాట ఎత్తే మనిషి. ప్రార్థన కాగానే ఆయన మోకాళ్ల మీంచి చివాల్న లేచి గొంతెత్తితే, ఆ తర్వాతే జనం లేచేవాళ్లు. బీపీ బిళ్లలు మొదలయ్యాక లేచినప్పుడల్లా ఆయనకు కళ్లు తిరిగేవి. "పాట ఇంకొకళ్లకి ఇచ్చేస్తారేమోరా," అని నా దగ్గర బెంగపడ్డాడు. నేను గవర్నర్‌పేట గ్రంథాలయానికి పరుగెత్తి, ఇంటికివ్వని లావుపాటి వైద్యగ్రంథం తెరిచాను. మనిషి లేవగానే రక్తం కాళ్లలోకి జారుతుందట. మెదడుకు తగ్గకుండా శరీరం సర్దుకుంటుందట. వయసు మీదపడితే ఆ సర్దుబాటు మందగిస్తుందట, దానికి బీపీ మందులు తోడైతే... అంతే, గంట! "మూసేస్తున్నాం, లేవయ్యా," అంటూ గంటల మాస్టారు (లైబ్రేరియన్‌కి నేను పెట్టిన పేరు) పుస్తకం లాక్కున్నాడు. ఇంకొక్క పేజీ అండీ అంటే వింటేనా!

ఆ సగం విజ్ఞానంతోనే, "బిళ్లే దోషి, మానెయ్ పెద్దనాన్నా," అని తీర్పు చెప్పేశాను. మానేశాడు. ఐదో రోజుకి తల పగిలిపోతోందని మంచమెక్కాడు.

డాక్టరు గారు బీపీ చూసి అదిరిపడ్డారు. "మాన్పించిన మేధావి ఎవరండీ?" పెద్దమ్మ వేలు నా వైపు తిరిగింది. "మోతాదు సంగతి నేను చూస్తాను, మీరు మాత్రం మానొద్దు. గబుక్కున లేవకుండా కాసేపు కూర్చుని, కాళ్లాడించి, అప్పుడు లేవండి. మెదడుకి రక్తం అందే వ్యవధి ఇవ్వాలిగా!" మర్నాడు గ్రంథాలయానికి వెళ్లి తర్వాతి పేజీ తిప్పితే అచ్చంగా అదే ఉంది! ఆ మాట ఇంట్లో ఎవరు విన్నారు?

"ఎత్తేవాడు కూర్చుంటే జనం ఎట్లా లేస్తార్రా?" అన్నాడు పెద్దనాన్న దిగులుగా.

"అయితే అందర్నీ కూర్చోబెట్టు!" అన్నాను ఒళ్లు మండి.

ఆదివారం ఆయన నిజంగానే బెంచీ మీద కూర్చుని పల్లవి ఎత్తాడు. ఆయన లేవందే లేవడం ఎరగని జనం కూర్చునే పాడారు. చరణానికి ఆయన నిదానంగా లేచాడు, తూలలేదు. వెనకే అందరూ లేచారు.

ఇప్పుడు నాకూ బీపీ బిళ్లే. మొన్న కొత్త పాస్టరు గారు, "పల్లవి కూర్చుని పాడటం ఏ మిషనరీల నాటి ఆచారమండీ?" అని అడిగితే, బెంచీ అంచున కాళ్లాడిస్తూ, "చాలా పాతదండీ," అన్నాను.

పెద్దనాన్నకీ, డాక్టరు గారికీ, పెద్దమ్మ వేలికీ కృతజ్ఞతలు. గంటల మాస్టారికి మాత్రం కాసేపు కూర్చుని, నిదానంగా లేచి చెబుతాను.