ఇంకొక్క ముక్క మార్చే బాబాయి

బాబాయి ఏ వస్తువునూ మొత్తంగా మార్చడు. ముక్కలు మారుస్తాడు. ఆయన గొడుక్కి ఒకసారి గుడ్డ మారింది, ఒకసారి పిడి మారింది, ఊచలు విడతలవారీగా మారాయి. అయినా "ఇది నా పెళ్ళినాటి గొడుగు" అని కనబడినవాళ్ళందరికీ విప్పి చూపిస్తాడు. చెప్పులకు అడుగు కొత్తదైతే పట్టీ పాతది, పట్టీ కొత్తదైతే అడుగు పాతది. రెండూ కొత్తవైన రోజును ఆయన పాదాలు ఎరగవు. వీధి వీధంతా ఆయన్ని బాబాయి అనీ, ఆయన భార్యను పిన్ని అనీ పిలుస్తుంది కాబట్టి మనమూ అలాగే పిలుచుకుందాం.

ఈ ముక్కల పిచ్చి ముదిరి కూర్చున్నది ఆయన కంప్యూటర్ దగ్గర. కొన్నప్పుడు తెల్లగా ఉండేదట. ఇప్పుడు టీ మరక రంగుకు వచ్చింది. పక్కరేకు ఎప్పుడో ఊడి మంచం కిందికి చేరింది. ఆన్ చేస్తే ముందు దగ్గుతుంది, తరువాత గురక పెడుతుంది, ఆపైన పిండిమరలా అందుకుంటుంది. దాని వెనకనుంచి వచ్చే వేడిగాలికి పిన్ని మేజోళ్ళు, చేతిరుమాళ్ళు ఆరేస్తుంది. వానాకాలంలో పక్కింటివాళ్ళవి కూడా.

"ఏమండీ, ఇవాళ మీ మిషను పెడతారా? రెండు తువ్వాళ్ళున్నాయి."

"అది మిషను కాదే, స్టూడియో!"

"సరే, స్టూడియో పెట్టండి. తువ్వాళ్ళు తడిగా ఉన్నాయి."

స్టూడియో అన్న మాట పూర్తిగా కోతేమీ కాదు. బాబాయి ఒకప్పుడు భుజం మీద పెద్ద కెమెరా మోస్తూ చుట్టుపక్కల పెళ్ళిళ్ళన్నీ తీసినవాడు. అందరి జేబుల్లోకీ కెమెరాలు వచ్చేశాక స్టూడియో మూతపడింది. మిగిలింది అటక మీది క్యాసెట్లు. వాటికి బూజు పట్టకముందే కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఎవరి పెళ్ళి వాళ్ళకు అప్పగించేద్దామని ఆయన పూనుకున్నాడు. చిక్కంతా ఆ ఎక్కించడంలోనే ఉంది.

"పొద్దున పెట్టారు, పొద్దు వాలుతోంది. లోపల ఏం చేస్తోందండీ ఇంతసేపు?" అని అడిగింది పిన్ని ఒకనాడు.

"ఎన్‌కోడింగ్."

"అంటే?"

"నువ్వు ప్రయాణానికి బట్టలు సర్దుతావు చూడు. మంచం నిండా పరిచినవన్నీ మడిచి మడిచి ఒక చిన్న పెట్టెలో కుక్కుతావు. అదీ. బొమ్మలన్నీ మడిచి చిన్న ఫైల్లో పెట్టాలి. నలగకూడదు, చిరగకూడదు."

"నేను పాలు పొంగేలోపు సర్దేస్తానుగా?"

"నీది కొత్త ప్రాసెసరే. దీనిది పాపం పాతది." పిన్ని మురిసిపోబోయి, ఇది పొగడ్తో కాదో తేలక, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అప్పటినుంచి మొదలైంది. "ఇంకొక్క ముక్క మారిస్తే చాలు" అంటూ బాబాయి కంప్యూటర్‌ని పాత దుప్పట్లో చుట్టి, గుండెలకు హత్తుకుని, వీధి చివర రిపేరు షాపుకు బయలుదేరేవాడు. ఆ షాపాయన బాబాయికి చిన్ననాటి స్నేహితుడు. వీధిలోకి కొత్తగా అద్దెకు వచ్చినావిడ ఒకరు ఆ దుప్పటి మూటను చూసి, ముఖం ఇంత చేసుకుని, "పాపా, బాబా అండీ?" అని అడిగింది.

"మూడో తరమండీ," అన్నాడు బాబాయి మూటను సవరించుకుంటూ. ఆవిడ మనవణ్ణనుకుని దీవించి పంపింది.

మొదట ర్యామ్ మారింది. ఏమీ మారలేదు. తరువాత పాత డిస్కు పోయి కొత్త డిస్కు వచ్చింది. ఆన్ కావడం చిటికెలో అవుతోంది గానీ, బట్టలు మడవడం మాత్రం మునుపటి లాగే. తరువాత పవర్ సప్లై, తరువాత ఫ్యాను. షాపునుంచి వచ్చిన ప్రతిసారీ దుప్పట్లో నాలుగు స్క్రూలు మిగిలి ఉండేవి. పిన్ని వాటిని ఒక ఖాళీ సీసాలో వేసేది. సీసా సగానికి వచ్చాక ఆమెకు అనుమానం వచ్చింది: ఇన్ని స్క్రూలు బయటికొచ్చేశాక ఆ కంప్యూటర్ దేని ఆసరాతో నిలబడింది? ఒకసారైతే ఫ్యానును ఇటుది అటు బిగించారు. వేడిగాలి వెనకనుంచి కాక ముందునుంచి కొట్టింది. పిన్ని కిమ్మనకుండా మేజోళ్ళను ముందువైపుకు మార్చింది.

"పెద్దరోడ్డులో అద్దాల కంప్యూటర్ షాపు ఉందిగా. అక్కడికి తీసుకెళ్ళకూడదూ?"

"వాళ్ళకి దీని స్వభావం తెలియదే."

కూతురు ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. ఫోనులో ఈ కథంతా విని తల పట్టుకుంది. "నాన్నా, ర్యామ్ వేస్తే, డిస్కు మారిస్తే ఎన్‌కోడింగ్ పరిగెత్తదు. దానికి కావలసింది ప్రాసెసర్. ఆ బోర్డుకే సరిపోయే పెద్ద ప్రాసెసర్ పాతది చవగ్గా దొరుకుతుంది. మొట్టమొదట మార్చాల్సింది అది."

"తెలుసమ్మా."

"తెలిసే ఫ్యాను మార్చావా?"

"వరసలో వస్తున్నాను."

"అమ్మకివ్వు ఫోను. అమ్మా! ఇల్లు కారుతుంటే నాన్న గేటుకి రంగు వేస్తున్నాడే!"

ఇలా ఎన్నాళ్ళు సాగేదో గానీ, మధ్యలో డ్రిల్లు మాస్టారు వచ్చిపడ్డారు. స్కూల్లో పిల్లల చేత కవాతు చేయించి రిటైరైన మనిషి. వచ్చే ఆదివారం ఆయన పెళ్ళిరోజు. చుట్టాలనందరినీ హాలుకి పిలిచి, బాబాయి తీసిన తన పెళ్ళి వీడియోని తెరమీద వేయించి భార్యను ఆశ్చర్యపరచాలని ఆయన సంకల్పం. ఆ ఆశ్చర్యం గురించి ఆవిడే పిన్నికి చెప్పింది. "నాకేమీ తెలియనట్టే ఉంటాను. కానీ ఎలాగైనా అయ్యేట్టు చూడవమ్మా. ఆ టేపు చూసి ఎన్నేళ్ళయిందో!" అని పిన్ని చేతులు పట్టుకుంది. పిన్ని మాటిచ్చేసింది.

డ్రిల్లు మాస్టారు రోజూ పొద్దున్నే వచ్చి కంప్యూటర్ ముందు నిటారుగా నిలబడేవారు. "ఎంతవరకు వచ్చింది?"

"మీరు పెళ్ళి హాల్లోకి వస్తున్నారండి," అనేవాడు బాబాయి.

మర్నాడు. "ఇవాళ?"

"ఇంకా వస్తూనే ఉన్నారు."

"నిన్నా అదేగా! గుమ్మం దాటలేదా నేను?"

"దాటారు. కరెంటు పోయింది. మళ్ళీ మొదటినుంచి వస్తున్నారు."

గురువారానికి పనిలో కాస్త ఊపు వచ్చింది. ఎంత పనైందో చూపించే తెరమీది పచ్చగీత సగం దాటింది. పిన్ని సంతోషంగా భోంచేసి నడుం వాల్చింది. కన్ను మూతపడుతుండగా పిండిమర చప్పుడు టక్కున ఆగిపోయింది. పిల్లిలా లేచి వచ్చి చూసింది. బాబాయి కంప్యూటర్ వెనక గొంతుక్కూర్చుని, స్క్రూడ్రైవర్‌తో శ్రద్ధగా ఫ్యాను స్క్రూలు వదులు చేస్తున్నాడు.

"ఏమండీ!"

స్క్రూడ్రైవర్ ఎగిరి మేజోళ్ళ మీద పడింది. "అదీ... కొంచెం... గాలి ఆడటం లేదని..."

"బాగా నడుస్తున్నదాన్ని మీ చేత్తో మీరే పాడు చేస్తున్నారా? అక్కడ ఆవిడకి నేను మాటిచ్చాను! మాస్టారు ఇంకా గుమ్మంలోనే ఉన్నారు!"

బాబాయి స్క్రూడ్రైవర్‌ని మేజోళ్ళ కింద దాచబోయాడు. తరువాత నేల మీదే చతికిలబడి చెప్పేశాడు.

"మన రిపేరు షాపు వాడికి జబ్బు చేసి కుడిచెయ్యి పట్టేసిందా? వేళ్ళకి సన్నపని చెప్తూ ఉండకపోతే మొద్దుబారిపోతాయన్నాడు డాక్టరు. వాడేమో షాపు మూసి గోడవైపు తిరిగి కూర్చున్నాడు. పలకరించడానికి వెళ్తే జాలి పడుతున్నామని తలుపేస్తాడు. పనిమీద వెళ్తే తీస్తాడు. అందుకని..."

"అందుకని ముక్కముక్కా పట్టుకెళ్తున్నారు."

"ఒక్కసారే ప్రాసెసర్ వేయించేశామనుకో, ఇదిక చెడదు. వాడి చేతికి పనేదీ? స్క్రూలు మిగిల్చేస్తున్నాడు పాపం, చూస్తున్నావుగా. ఫ్యాను కూడా తిరగేసి పెట్టాడు. నేనేమీ అనను."

పిన్నికి కోపం ఎటు పోయిందో తెలియలేదు. ఈ మనిషినా ఇన్నాళ్ళూ పిసినారి అనుకున్నది! కానీ మాట మాటే. మాస్టారిని గుమ్మం దాటించాలి. ఆమె కంప్యూటర్‌ని తానే దుప్పట్లో చుట్టుకుని బయలుదేరింది. దారిలో కొత్తావిడ ఎదురై, "మనవడు మీ పోలికేనాండీ?" అంది. పిన్ని నడక ఆపలేదు.

షాపులో రిపేరాయన ఒక రేడియోని బల్ల మీద బోర్లా వేసుకుని, వెంట్రుకలాంటి తీగను చిన్న రంధ్రంలోకి దూరుస్తున్నాడు. కుడిచేత్తోనే. చెయ్యి రాయిలా నిలకడగా ఉంది. తీగ ఒక్క వేటుకి దూరిపోయింది. పిన్ని గుమ్మంలో అలాగే నిలబడిపోయింది. ఆయన తలెత్తి చూశాడు. చూడగానే చెయ్యి గడగడా వణకడం మొదలుపెట్టింది.

ఎడమచెయ్యి.

"అన్నయ్యా, జబ్బు చేసింది కుడిచేతికి కదూ?"

ఆయన తన రెండు చేతుల్నీ ఎవరో అక్కడ మర్చిపోయి వెళ్ళినట్టు చూసుకున్నాడు. తరువాత లేచి వచ్చి షట్టర్ సగం దించాడు.

"చెల్లెమ్మా, మీ ఆయనకి మాత్రం చెప్పకు."

"ఎప్పటినుంచి బాగుంది చెయ్యి?"

"ఆ ర్యామ్ వేసినప్పుడు నిజంగానే వణికింది. డిస్కు దగ్గరికి వచ్చేసరికి కుదుటపడింది. ఆ తరవాతవన్నీ..." అని ఆగి సిగ్గుపడ్డాడు.

"మరి సీసాడు స్క్రూలు?"

"మీ మిషనువి కావు. నా డబ్బాలోంచి గుప్పెడు వేసి పంపేవాణ్ణి."

"ఫ్యాను తిరగేసింది?"

"దానికి కష్టపడ్డాను చెల్లెమ్మా. అలవాటు కొద్దీ చెయ్యి సరిగ్గానే బిగించేస్తోంది."

"ఎందుకన్నయ్యా ఈ వేషాలు?"

"వాడు స్టూడియో మూసిన కొత్తలో ఎలా ఉన్నాడో మర్చిపోయావా?"

పిన్నికి గుర్తొచ్చింది. ఆ రోజుల్లో బాబాయి రోజంతా ఆమె వెనకే తిరిగేవాడు. ఉల్లిపాయలు కోస్తుంటే, "కొంచెం ఎడమకు తిరుగు, కత్తి మీద వెలుతురు పడటం లేదు" అనేవాడు. గిన్నెలు తోమడం అయిపోతే, "ఇంకొక్కసారి, సహజంగా" అనేవాడు. మధ్యాహ్నాలు ఖాళీ కెమెరా సంచిని ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చునేవాడు. పలకరిస్తే ఉలిక్కిపడేవాడు.

"ఇప్పుడు చూడు. దుప్పటి మూట పట్టుకుని పెళ్ళికొడుకులా వస్తాడు. నాకు చెయ్యి బాగైందని తెలిస్తే ఇంకెందుకొస్తాడు? ఆ ప్రాసెసర్ నా సొరుగులో ఎప్పటినుంచో ఉంది. వేసేస్తే పని అయిపోతుంది. వాడు మళ్ళీ కిటికీ దగ్గరికి పోతాడు."

పిన్ని కొంగుతో ముఖం తుడుచుకుంది. నవ్వును తుడుచుకున్నదో మరొకటో ఆమెకే తెలియదు. "సొరుగు తియ్యండి ముందు. ఆదివారం నా పరువు పోతుంది."

రిపేరాయన పాత ప్రాసెసర్‌ని తీసి, కొత్తదాన్ని గాజుబొమ్మను పడుకోబెట్టినట్టు పెట్టి, వేడిని లాగే పేస్టు చుక్కంత అద్ది, ఫ్యాను సరైన దిక్కుకు బిగించాడు. ఒక్క స్క్రూ మిగల్లేదు. ఆ పనితనం చూస్తుంటే పిన్నికి కడుపు నిండినట్టయింది.

ఇంట్లో ఆ కంప్యూటర్ దగ్గలేదు, గురక పెట్టలేదు. మాస్టారు గుమ్మం దాటారు, హాల్లోకి వచ్చారు, పెళ్ళి చేసుకున్నారు, భోజనాలు కూడా అయిపోయాయి. అప్పటికి పిన్ని పొయ్యి మీద అన్నం ఇంకా ఉడుకుతోంది. బాబాయి తెర వంక బెంగగా చూశాడు. "ఇంత బాగా పనిచేస్తోందేమిటే ఇది?"

"అన్నయ్య చెయ్యి వణికి, పొరపాటున మంచిది పడిపోయిందట," అంది పిన్ని ముఖం తిప్పుకుని. "మేజోళ్ళే ఆరడం లేదు."

ఆదివారం హాలు నిండిపోయింది. తెరమీద కుర్ర డ్రిల్లు మాస్టారు కొత్త పెళ్ళాం చెయ్యి పట్టుకుని భోజనాల హాల్లోకి నడిచారు. నడవడమేమిటి, కవాతు చేశారు. ఎడమ, కుడి, ఎడమ, కుడి. పక్కన పెళ్ళికూతురు అందుకోలేక పరుగు. హాలంతా ఘొల్లుమంది. నిజం మాస్టారు చెవులు ఎర్రబడ్డాయి. ఆయన భార్య మాత్రం తెర మీదినుంచి కళ్ళు తిప్పకుండా, "నాకు భయంతో కాళ్ళాడటం లేదంటే, నన్ను నవ్వించడానికే అలా నడిచారు ఆ రోజు," అంది పక్కనున్న పిన్నితో. వెనక వరసలో బాబాయి, రిపేరాయన ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని, ఆ వీడియోని తామిద్దరే కన్నంత గర్వంగా చూస్తున్నారు.

పిన్ని ఆయన గుట్టు ఈయనకు చెప్పలేదు, ఈయన గుట్టు ఆయనకు చెప్పలేదు. సోమవారం పొద్దున్నే ఎక్కడికో వెళ్ళి వచ్చింది. వెంట ఒక తోపుడుబండి వచ్చింది. దాని మీద దర్జీ ఇంటి అటకనుంచి దించిన ఒక కంప్యూటర్, అందులో ఎలుకలు కాపురం పెట్టిన ఆనవాళ్ళు, అట్టపెట్టె నిండా క్యాసెట్లు ఉన్నాయి. బాబాయి కళ్ళజోడు సవరించుకుని, దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

"ఇందులో ఏం బాగుందే?"

"ఏమీ బాగాలేదట. ఒక్క ముక్క కూడా," అంది పిన్ని దుప్పటి అందిస్తూ. "దర్జీ తొందరేమీ లేదన్నాడు."

తొందరేమీ లేదన్న మాటను మాత్రం ఆమె రెండుసార్లు చెప్పింది.