వరదరాజులు గారి కువైట్ టైము

వరదరాజులు గారికి లోకంలో ఒక్కటే పట్టింపు. ఎవరి గడియారమూ తప్పు చూపకూడదు. మనిషి తప్పు చేస్తే క్షమించేవారు కానీ, గడియారం చేస్తే క్షమించేవారు కాదు.

అహోబిలంలో గుడి సేవ చేసుకునే కుటుంబం వాళ్లది. ఆయన మాత్రం ఆళ్లగడ్డలో మా పక్కింట్లో ఉంటూ పూజాసామాన్ల అంగడి నడిపేవారు. రేడియోలో వార్తలకు ముందు బీప్ బీప్‌మని వస్తుందే, ఆ కాసేపూ అంగడిలో బేరం బంద్. కర్పూరానికి వచ్చినవాళ్లు తుమ్ము కూడా ఆపుకోవాలి. ఆఖరి బీప్‌కు చేతివాచీ సరిచూసుకుని, అప్పుడు ఏం కావాలని అడిగేవారు.

నంద్యాలలో మా చెల్లెలి పెళ్లిలో పెండ్లికొడుకు తాళి ఎత్తగానే ఈయన లేచి చెయ్యి అడ్డం పెట్టారు. పురోహితుడి వాచీ ముందు నడుస్తోందట, ముహూర్తం ఇంకా రాలేదట. పెండ్లికొడుకు తాళి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ముహూర్తం వచ్చిందని ఈయన తల ఊపాకే మేళం మోగింది.

ఎనభైల మొదట్లో కువైట్ నుంచి డిజిటల్ గడియారాలు మా వీధికి దిగాయి. ఎర్రటి అంకెలు. కరెంటు పోయి వస్తే చాలు, పన్నెండు దగ్గర ఆగి కళ్లార్పేవి. మా ఊళ్లో కరెంటు సంగతి చెప్పాలా? ట్యూబులైటు వెలిగేలోపే వరదరాజులు గారు గుమ్మంలో ఉండేవారు. వాచీ ఉన్న చెయ్యి చాచి, నిండు చెంబు మోసుకొస్తున్నట్టు వచ్చి, మీటలు నొక్కి సరిచేసి, మజ్జిగ ఇస్తామన్నా ఆగకుండా పక్కింటికి పోయేవారు.

అలాంటి మనిషి సరిచేసినా లింగమ్మ ఇంట్లో గడియారం రెండున్నర గంటలు వెనక నడుస్తోందని తెలిసి వీధంతా పండగ చేసుకుంది. లింగమ్మ భర్త ఓబులేసు కువైట్‌లో తాపీ పనికి పోయి పంపిన గడియారం అది. సామికి చూపు ఆనడం లేదని కొందరు అంగడికి వచ్చి మరీ నవ్విపోయారు. ఆయన తల వంచుకుని "ఉండనీప్పా" అనేవారు, అంతే.

ఒక శుక్రవారం పట్టపగలు కరెంటు పోయి వచ్చింది. ఆయన అన్ని ఇళ్లూ దాటుకుని నేరుగా లింగమ్మ ఇంటికి పరుగెత్తారు. వింతగా తోచి నేనూ వెంట పోయాను. పన్నెండు కావస్తోంది. ఆయన తొమ్మిదిన్నర పెడుతున్నారు.

"సామీ, పన్నెండైతాంది గదా" అన్నాను.

ఆయన మీటలు నొక్కుతూనే ఉన్నారు. లింగమ్మే చెప్పింది.

"అది ఆడి టైమప్పా, కువైట్‌ది. పోయిన నెల మా ఆయన పదికి మిల్లుకు ఫోన్ చేస్తానని కబురంపినాడు. నేను ఈడి పదికి పోయి, అది మోగక ఏడ్చుకుంటా వచ్చేస్తి. ఆయన ఆడి పదికి చేసినాడంట. ఈ పొద్దు గూడా నేను దొరక్కపోతే, తన మీద కోపంతోనే రాలేదనుకుంటాడు. ఇది తెలిస్తే నన్ను చూసి నవ్వుతారని సామి ఎవురికీ చెప్పలే."

చెప్పి, కొంగు సర్దుకుని మిల్లుకు బయలుదేరింది.

తన గడియారాన్ని ఒక్క మాట అంటే పడని మనిషి, ఆమెను చూసి నవ్వాల్సిన నవ్వంతా తానే మోశారు. ఆ పూట నుంచి ఆయనంటే నాకు ఎక్కడలేని గౌరవం.

లింగమ్మ తిరిగొచ్చేదాకా ఇద్దరం అరుగు మీదే కూర్చున్నాం. వస్తూనే మొహం నిండా నవ్వు.

"మాట్లాడినాడు సామీ. పది దాటినా మోగకపోతే నా పాణం పోయింది."

"ఎంత దాటినాక మోగింది?"

"నాలుగు నిమిషాలు. మిల్లు గడియారంలో పన్నెండున్నర దాటినాక చూసినా. దాన్ని గూడా మీరే సరిచేస్తిరి గదా."

వరదరాజులు గారు మొహం చిట్లించారు.

"అయితే వాని వాచీ వెనకబడింది. మళ్లీ చేసినప్పుడు మొదట అది సరిచేసుకోమని చెప్పమ్మా."