గుడ్డ కప్పిన మోడెమ్

ఇంటర్నెట్ మాటలకి తేలిక తెలుగులో అర్థాలు చెప్పే చిన్న పుస్తకం ఒకటి నేను రాశాను. ముప్ఫై రెండు పేజీలు. ఇప్పుడెక్కడా దొరకదు, దొరికినా ఎవరికీ అక్కర్లేదు. అందులో రెండు వాక్యాలు మాత్రం నావి కావు. ఆ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

కొత్త శతాబ్దం అప్పుడే మొదలైన రోజులు. పటమటలో అద్దెకుండేవాళ్ళం. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. ఇంట్లోకి కంప్యూటరూ, దాని పక్కకి ఇంటర్నెట్ కలిపే మోడెమూ వచ్చేసరికి ఉన్నట్టుండి మా పేటకి మేధావినైపోయాను. మా వీధి చివర కంప్యూటర్ నేర్పేవాళ్ళు, "మోడెమ్ కొనుక్కున్నవాళ్ళకి ఈ మాటలేవీ తెలియట్లేదు మాస్టారూ, మీరో పుస్తకం రాసిపెట్టాలి" అన్నారు. నాకూ సగమే తెలుసు. సగం తెలిసినవాడే పుస్తకాలు రాస్తాడు. మొత్తం తెలిసినవాడికి అంత ధైర్యం ఎక్కడిది?

నా దస్తూరి నాకే సరిగా అర్థం కాదు. అందుకని శుభ్రప్రతి రాసే పని మా వెనక పోర్షన్లో ఉండే అమ్మాయి తీసుకుంది. వాళ్ళది బందరు దగ్గర సముద్రపొడ్డు ఊరు. తండ్రి తెల్లారకుండానే చేపలు తెచ్చి ఇక్కడి మార్కెట్లో అమ్మేవాడు. ఆ అమ్మాయి డిగ్రీ, ఆపైన బీయెడ్డూ చేసింది. అక్షరాలు ముత్యాల్లా ఉండేవని అనను, సముద్రం వాళ్ళు ముత్యాల మాట వింటే నవ్వుతారు. గుండ్రంగా, నిలకడగా ఉండేవి.

"సర్వర్ అంటే ఇదేం రాశారండీ, 'అడిగినవాళ్ళకి అడిగింది తెచ్చిచ్చునది' అని? హోటల్లో సర్వరూ అంతేగా?"

"అంతేనమ్మా. ఇదీ అలాగే, పిలిస్తే ఓ పట్టాన పలకదు."

ఒకసారి వాళ్ళ నాన్న గుమ్మం దగ్గరే నిలబడి కంప్యూటర్ని తేరిపార చూశాడు. "నెట్టంటే వలే కదండీ మాస్టారూ. మరి ఇందులో పడేదెవరండీ?"

"పడ్డవాణ్ణి ఎదురుగా పెట్టుకుని అడుగుతున్నారేంటండీ" అన్నాను. అమ్మాయితో సహా ముగ్గురం నవ్వుకున్నాం.

ఆ రోజుల్లో మా నంబరు మా ఒక్కళ్ళదే కాదు. చుట్టుపక్కల నాలుగిళ్ళవాళ్ళు దరఖాస్తుల్లో మా నంబరే రాసి, పక్కన 'పి.పి.' అని పెట్టేవాళ్ళు. ఫోను పక్కింట్లో ఉంది, పిలిచిపెడతారు అని దాని అర్థం. పిలిచిపెట్టడం మాకు గొప్పగానే ఉండేది.

ఆ వేసవిలో చల్లపల్లి దగ్గర ఒక రెసిడెన్షియల్ స్కూల్లో సైన్సు టీచరు ఉద్యోగానికి ఆ అమ్మాయి ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చింది. వాళ్ళకి బాగా నచ్చింది. "గురువారం పది, పన్నెండు మధ్య ఫోన్ చేస్తాం. ముందు మీకే. మీరు దొరక్కపోతే రెండో ఆవిడకి" అన్నారట. ఈ వేసవిలో ఉద్యోగం రాకపోతే పోర్షన్ ఖాళీ చేసి ఊరెళ్ళిపోదామని వాళ్ళ నాన్న అప్పటికే అనేశాడు. అక్కడ రొయ్యల షెడ్డులో తలలు తీసే పని ఎప్పుడూ ఉంటుంది. బీయెడ్ అడగరు.

"మాస్టారూ, గురువారం మీరు ఇంట్లోనే ఉంటారు కదండీ?"

"ఫోను పక్కనుంచి కదిలితే ఒట్టు" అన్నాను.

కదల్లేదు. అదే నా గొప్ప.

మోడెమ్ ఫోను తీగ మీదే నడుస్తుందనీ, అది నడిచేటప్పుడు ఫోను మోగదనీ నాకు తెలియక కాదు. పదింటికల్లా ఇంటర్నెట్ ఆపేశాను. ఆపి, ఈమెయిల్ ఉత్తరాల ప్రోగ్రామ్ మాత్రం తెరిచి ఉంచి, పుస్తకంలో 'పోర్టు' అనే మాట దగ్గర కూచున్నాను. ఆ ప్రోగ్రామ్ మధ్యమధ్య తనంతట తనే నంబరు కలుపుకుని కొత్త ఉత్తరాలు వచ్చాయేమో చూసుకునేలా నెల కిందట నేనే అమర్చాను. అలా అమర్చుకోవడం ఎలాగో పుస్తకంలో ఒక పేజీ సలహా కూడా రాశాను.

మోడెమ్ కలిసేటప్పుడు అరుస్తుంది కదా అంటారేమో. "ఏవండీ, పిల్లి తోక తలుపులో పడ్డట్టు ఆ అరుపేంటండీ" అని మా ఆవిడ అంటే దాని గొంతు నొక్కేశాను. దీపాలు వెలుగుతాయి కదా అంటే, టీవీకీ ఫోనుకీ కప్పినట్టే దానికీ మా ఆవిడ కుట్టుపూల గుడ్డ కప్పింది. దుమ్ము పడకుండా. మా ఇళ్ళలో ఖరీదైన వస్తువేదైనా అలా ముసుగేసుకునే బతకాలి.

ఆ అమ్మాయి వెనక వసారా మెట్టు మీద కూచుని ఉంది. మధ్యమధ్య వంటింటి కిటికీలోంచి తొంగిచూసేది. నేను తల అడ్డంగా ఊపేవాణ్ణి. పన్నెండుకి ఇరవై నిమిషాలుందనగా, అసలు ఫోను బతికే ఉందా అని రిసీవర్ ఎత్తాను. చెవిలో ఇసక పోసినట్టు గరగర. గుడ్డ ఎత్తి చూస్తే కింద ఎర్ర దీపాలు మినుకుమినుకుమంటున్నాయి. ఎప్పుడు కలుపుకుందో ఏమో!

తీగ పీకేశాను. గుడ్డ మళ్ళీ కప్పాను. ఎందుకు కప్పానో ఇప్పటికీ తెలియదు.

పన్నెండు దాటాక ఆ అమ్మాయి లోపలికొచ్చింది. "రాలేదాండీ?"

"రాలేదమ్మా." అబద్ధం కాదు.

బజారులో బూత్ నుంచి ఫోన్ చేయడానికి వెళ్ళి, అరగంటకి తిరిగొచ్చింది. "పదిన్నర నుంచి నాలుగుసార్లు చేశారంటండీ. ఎంగేజ్ వచ్చిందంట. రెండో ఆవిడ రేపే చేరతానందంట."

"లైన్లో ఏదో తేడా వచ్చినట్టుందమ్మా" అన్నాను. ఇది అబద్ధం.

నా మొహంలోకి కాసేపు చూసింది. "అవునండీ. లైనే అయ్యుంటుంది" అని నన్నే ఓదార్చినట్టుగా చెప్పి వెళ్ళిపోయింది.

మర్నాడు వాళ్ళ నాన్న ఆకులో చుట్టి చందువా చేప తెచ్చిచ్చాడు. "పొద్దుటేల ఇల్లు కదలకుండా మా పిల్లకోసం కూచున్నారంటండీ. మా రాత బాగోక గానీ, మీరేం చేస్తారండీ." మా ఆవిడ పులుసు పెట్టింది. తిన్నాను. ఒక్క ముల్లయినా గొంతులో దిగి ఉంటే బాగుండేది.

ఆ వారమే నా రాతప్రతిలో, మోడెమ్ నంబరు కలుపుకోవడం గురించిన 'డయలప్' పేజీ చింపి కొత్తగా రాశాను. ఫోను మోగదన్న సంగతి అందులో వదిలేశాను. ఆ అమ్మాయి చేత్తో ఆ మాట రాయించలేక అని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి భయం.

చివరి పేజీలు రాస్తూ రాస్తూ ఆమె కలం ఆపింది. "మాస్టారూ, ముఖ్యమైంది వదిలేశారండీ. మోడెమ్ ఆన్‌లో ఉంటే ఫోన్ రాదని రాయలేదు."

నేను మోడెమ్ మీది గుడ్డ సర్దాను.

తలెత్తకుండానే అంది: "ఆ రోజే ఫోన్ బూత్ ఆయన అడిగాడండీ, మీరు నంబరిచ్చిన ఇంట్లో కంప్యూటరుందా అని." కలం కాగితం మీద ఆనించి, "రాయమంటారా?"

"రాయమ్మా" అన్నాను.

రాసింది. ఎన్నాళ్ళుగానో మనసులో కూర్చుకున్నదానిలా, ఒక్క కొట్టివేత లేకుండా: "మోడెమ్ పనిచేస్తున్నంతసేపూ మీ ఫోను మోగదు. మీ ఫోను మీద ఆధారపడినవాళ్ళకి ఆ సంగతి ముందే చెప్పండి." పేజీలన్నీ సర్ది, నా చేతికిచ్చి, "అయిపోయిందండీ" అంది. క్షమించమని అడగడానికి అది మంచి సమయమే. నేను పేజీలు లెక్కపెట్టాను.

ఆ నెలాఖరుకి వాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. పుస్తకం అచ్చయి వచ్చేసరికి వెనక పోర్షన్‌కి వేరే తాళం.

మా కాలేజీలో సీనియర్ లెక్చరర్ ఒకాయన పుస్తకం చదివి, స్టాఫ్ రూములో అందరిముందూ నా భుజం తట్టారు. "మిగతాది నాకు బుర్రకెక్కలేదు గానీ, మాస్టారూ, ఆ ఫోను మోగదని రాశారే, ఆ ఒక్క ముక్క మటుకు ఎంతో ఆలోచించి రాశారండీ."

"థాంక్సండీ" అన్నాను.